పది నిమిషాలు బాగా పాడి, ఆ తర్వాత గొంతు బొంగురుపోతున్న వాల్వు రేడియో

కొత్తటంకం · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నానుగానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుపోండి.

అటక మీంచి దించిన ఐదు వాల్వుల సెట్టు. వాల్వులు (ట్రాన్సిస్టర్లకి ముందటి గాజు గొట్టాలు) వరసగా ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, స్పీకరుని నడిపే ఈఎల్84, ఏసీని డీసీ చేసే ఈజెడ్80. మీడియం వేవ్, రెండు షార్ట్ వేవ్ బ్యాండ్లు. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మొదట ఆన్ చేసినప్పుడు గుర్రుమని మోత తప్ప ఏమీ రాలేదు. డీసీలోంచి మోతని వడకట్టే ఫిల్టర్ కండెన్సర్లు రెండూ పొంగి ఉన్నాయి, మార్చాను. మోత పోయింది, స్టేషన్లు వచ్చాయి. ఆ రాత్రి ఇంట్లో నేనే మొనగాణ్ణి.

ఆ మొనగాడితనం పది నిమిషాలే. తర్వాత మాట ముద్దముద్దగా అవుతుంది, పాటలో బేస్ చిరిగిన గుడ్డలా కొట్టుకుంటుంది. ఇంకో పది నిమిషాలకి సౌండు సగానికి పడిపోతుంది. ఆపి గంట చల్లారనిస్తే మళ్ళీ మొదటి పది నిమిషాలు చక్కగా పాడుతుంది.

నేను చూసినవి: ఈఎల్84లో కరెంటుని అదుపు చేసే గ్రిడ్డు దగ్గర 1.4 వోల్టులు ఉంది. సున్నా ఉండాలని చదివాను. ఒకటిన్నర వోల్టు లెక్కలోది కాదనుకున్నాను. కప్లింగ్ కండెన్సర్ (ఈబీసీ81 నుంచి ఆ గ్రిడ్డుకి డీసీని ఆపి పాటని మాత్రం దాటించేది) ఒక కాలు ఊడదీసి ఓమ్స్‌లో పెడితే ముల్లు ఇంచుమించు కదల్లేదు, అంటే అది బాగానే ఉన్నట్టు. ఇక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమానం. ఏమంటారు?

---

గరగర · సోమవారం, రాత్రి 9:40

ఏమనడానికేముంది తమ్ముడూ. కాగితం కండెన్సర్లన్నీ పీకి పారెయ్, కొత్తవి వెయ్. ఈఎల్84 కొత్తది పెట్టు. ఒక ఆదివారం పని. అరవై ఏళ్ళ సెట్టులో ఒక్కో పార్టునీ పిలిచి "నువ్వా దొంగ?" అని అడుగుతూ కూర్చుంటే సంక్రాంతి పోయి ఉగాది వస్తుంది.

---

గాజుదీపం · సోమవారం, రాత్రి 10:25

గరగర గారూ, ఆగండి. అన్నీ ఒకేసారి మారిస్తే రోగం పోయినా ఏ రోగమో తెలియదు. పైగా కొత్తవాళ్ళు ముప్ఫై జాయింట్లు ఒక్క పూటలో చేస్తే, పాత రోగం ఒకటి పోయి కొత్తవి రెండు వస్తాయి.

కొత్తటంకం గారూ, ముందు ప్రాణం సంగతి. ఆ సెట్టులో రెండొందల యాభై వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో కాసేపు నిలిచి ఉంటుంది. పది కిలో ఓమ్‌ల లావుపాటి రెసిస్టెన్స్ ఒకదానికి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టుకుని, చెయ్యి పెట్టే ముందు దానితో ఖాళీ చేసి, మీటరుతో సరిచూసుకోండి. స్క్రూడ్రైవరుతో టప్‌మని షార్ట్ చేసే వీరవిద్య వద్దు. ఆన్‌లో ఉన్నప్పుడు కొలిస్తే మీటరు నల్లవైరు చాసిస్‌కి (పార్టులన్నీ బిగించిన లోహపు రేకుకి) క్లిప్పు పెట్టి, ఒక్క చేత్తోనే కొలవండి.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందన్నారు కాబట్టి చాసిస్ మామూలుగా నేరుగా కరెంటుకి తగిలి ఉండదు. వాల్వు నంబర్లన్నీ 'ఈ'తో మొదలవడమూ అదే చెబుతోంది. 'ఈ' అంటే 6.3 వోల్టుల హీటరు. అదే నంబర్లు 'యూ'తో మొదలైతే హీటర్లన్నీ దండలా సిరీస్‌లో ఉంటాయి, అలాంటి చాలా సెట్లలో చాసిసే ఒక మెయిన్స్ వైరు. ఈ చర్చ ఎవరైనా అలాంటి సెట్టు ముందు పెట్టుకుని చదువుతుంటే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు.

ఇప్పుడు మీరు చెప్పాల్సినవి మూడే. ఈఎల్84 క్యాథోడు (ఎలక్ట్రాన్లు వదిలేది), అంటే మూడో పిన్ను దగ్గర ఎంత వోల్టేజి? అక్కడ చాసిస్‌కి ఉన్న రెసిస్టెన్స్ విలువ ఎంత? గొంతు పాడయ్యాక గదిలో లైటు ఆర్పి చూస్తే ఆ వాల్వు లోపల ప్లేటు (ఆ ఎలక్ట్రాన్లు చేరే రేకు) ఎలా కనిపిస్తోంది? ప్లేటు ఎర్రబడితే వెంటనే ఆపేయండి.

---

కొత్తటంకం · మంగళవారం, రాత్రి 8:50

క్యాథోడు దగ్గర ఆన్ చేసిన కొత్తలో 7కి కొంచెం పైన ఉంది, పావుగంటకి 10.5. రెసిస్టెన్స్ 150 ఓమ్‌లు, విడిగా కొలిస్తే 152.

లైటు ఆర్పి చూశాను. బూడిదరంగు ప్లేటు అతుకు వెంట నిలువుగా సన్నటి ఎర్ర గీత. కొలిమిలో ఇనుపకమ్మీ చివర రంగెక్కడం మొదలైనప్పుడు ఉంటుందే, అలాగ. భయమేసి వెంటనే ఆపేశాను. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించలేకపోయాను.

---

మీటరుముల్లు · మంగళవారం, రాత్రి 9:31

లెక్క చూద్దాం. 10.5 వోల్టుల్ని 150తో భాగిస్తే 70 మిల్లీ ఆంపియర్లు. ఈఎల్84 క్యాథోడు కరెంటుకి తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు 65. ప్లేటు తట్టుకునే వేడి 12 వాట్లు. మీది ఆ రెండు గీతలూ దాటింది, ఎర్ర గీత అందుకే. మిగతా వాల్వుల కరెంటు కూడా కలిపితే ఈజెడ్80 ఇవ్వగలిగిన 90కి దగ్గరపడుతుంది. మీ మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలుతోందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని వదిలెయ్యండి, పాపం దానికేం తెలియదు. వాల్వుకి ఇంత కరెంటు లాగమని గ్రిడ్డు చెబుతోంది. గ్రిడ్డుకి అలా చెప్పమని ఎవరు చెబుతున్నారన్నదే ప్రశ్న.

మీరు కొలిచింది ముల్లు మీటరా, డిజిటలా? ముల్లుదైతే డయల్ మీద 'వోల్టుకి ఇన్ని ఓమ్‌లు' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అదీ, ఏ రేంజ్‌లో పెట్టారో అదీ చెప్పండి. గ్రిడ్డు నుంచి చాసిస్‌కి ఉన్న రెసిస్టెన్స్ విలువ కూడా.

---

కొత్తటంకం · మంగళవారం, రాత్రి 9:48

ముల్లు మీటరే. వోల్టుకి 20,000 ఓమ్‌లు అని ఉంది. 10 వోల్టుల రేంజ్. గ్రిడ్డు రెసిస్టెన్స్ 680 కిలో ఓమ్‌లు. మీటరులో తప్పేముందండీ? టార్చి బ్యాటరీలని సరిగ్గానే చూపిస్తోంది.

---

మీటరుముల్లు · మంగళవారం, రాత్రి 10:20

మీటరులో తప్పు లేదు. 10 వోల్టుల రేంజ్‌లో అది స్వయంగా 200 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్. టార్చి బ్యాటరీకి ఆ బరువు ఈగ వాలినట్టు, తెలియదు. మీ గ్రిడ్డు దగ్గర ఉన్నది 680 కిలో ఓమ్‌ల సన్నదారి. దాని పక్కన 200 పెడితే రెండూ కలిసి 155కి దిగిపోతాయి. వోల్టేజి ఎక్కడో పైనుంచి మెగా ఓమ్‌ల మీదుగా కారుతూ వస్తున్నప్పుడు, మీరు మీటరు పెట్టిన క్షణంలోనే దాన్ని నాలుగోవంతుకి తొక్కేశారు. మీకు కనిపించిన 1.4 అసలు 6 దాకా ఉంటుంది.

క్యాథోడు దగ్గర ఈ గొడవ లేదు. అక్కడ ఉన్నది 150 ఓమ్‌లే కాబట్టి మీ 10.5 నమ్మదగినదే.

ఎవరి దగ్గరన్నా డిజిటల్ మీటరు అడిగి తెచ్చుకోండి. వాటిలో ఎక్కువవాటికి లోపల 10 మెగా ఓమ్‌లు ఉంటాయి. 6 రాకపోతే వచ్చి నన్ను తిట్టండి.

---

కొత్తటంకం · బుధవారం, రాత్రి 9:05

తిట్టే భాగ్యం దక్కలేదు. 5.7.

---

గరగర · బుధవారం, రాత్రి 9:15

బాగుంది. కానీ కండెన్సర్ని ఓమ్స్‌లో పెడితే ముల్లు కదల్లేదుగా? లీకుంటే అక్కడ కనబడాలి కదా? అందుకే నేను వాల్వు అంటున్నా.

---

గాజుదీపం · బుధవారం, రాత్రి 9:52

మంచి ప్రశ్న. ఓమ్స్ రేంజ్‌లో మీటరు కండెన్సరు మీద పెట్టేది లోపలి బ్యాటరీ వోల్టులే. సెట్టులో దాని మీద పడేది ఈబీసీ81 ప్లేటు వోల్టేజి, ఇలాంటి సెట్లలో 80 ప్రాంతం. తేమ పట్టిన కాగితం చిన్న వోల్టేజికి పతివ్రతలా కూర్చుని, పెద్ద వోల్టేజి పడ్డాక, అందులోనూ వేడెక్కాక కారడం మొదలుపెడుతుంది. ఇంకోటి, లీకు ఎనిమిది మెగా ఓమ్‌లున్నా ముల్లు మీటరు స్కేలులో అది చివరి వెంట్రుకవాసి. 'ఇంచుమించు కదల్లేదు' అన్నారు చూడండి, ఆ ఇంచుమించులోనే దొంగ ఉండొచ్చు.

దాన్ని బయటికి లాగే పద్ధతి ఇది. సెట్టు ఆపి, ఖాళీ చేసి, ఆ కండెన్సరుకి గ్రిడ్డు వైపు కాలు మాత్రమే ఊడదీయండి. రెండో కాలు ఈబీసీ81 ప్లేటు దగ్గరే ఉండాలి. ఊడదీసిన కాలికీ చాసిస్‌కీ మధ్య డిజిటల్ మీటరు క్లిప్పులు పెట్టి, అప్పుడు ఆన్ చేయండి. వేడెక్కేటప్పుడు కాసేపు ఎగిరి దిగుతుంది, అది కండెన్సరు నిండడం, కంగారుపడొద్దు. పావుగంట తర్వాత ఎక్కడ నిలిచిందో చెప్పండి. మంచి కండెన్సరైతే ఒక వోల్టులో చిన్న భాగం.

---

కొత్తటంకం · గురువారం, ఉదయం 7:30

రాత్రి చేశాను. 41 దగ్గర నిలిచింది, ఇంకా పైకి పాకుతూనే ఉంది.

---

మీటరుముల్లు · గురువారం, ఉదయం 8:02

అంటే లీకు దారి సుమారు తొమ్మిదిన్నర మెగా ఓమ్‌లు. గ్రిడ్డు మీద 5.7 రావడానికి దాదాపు అంతే కావాలి. దొరికాడు.

0.01 మైక్రోఫారడ్, 400 వోల్టులో 630 వోల్టులో ప్లాస్టిక్ ఫిల్ము కండెన్సరు వెయ్యండి. సెరామిక్ వద్దు.

---

కొత్తటంకం · గురువారం, రాత్రి 10:40

వేశాను!! గ్రిడ్డు సున్నా. క్యాథోడు 6.8, అంటే 45 మిల్లీ ఆంపియర్లు, లెక్క నేనే వేసుకున్నాను. రెండు గంటలుగా పాడుతోంది, ప్లేటు మీద గీత లేదు, ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి ఆనించగలుగుతున్నాను. షార్ట్ వేవ్‌లో ఎవరో తెలియని భాషలో వార్తలు చదువుతున్నారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా వింటూనే ఉన్నాను.

సన్నటి మోత మాత్రం కొంచెం మిగిలింది. ఫిల్టరు రెండూ 220 మైక్రోఫారడ్‌వి వేశాను, ఇంకా పెంచమంటారా?

---

గాజుదీపం · గురువారం, రాత్రి 11:06

220?! ఈ సంగతి మొదటి రోజే చెప్పాల్సింది స్వామీ. ఈజెడ్80 తర్వాత వచ్చే మొదటి కండెన్సరుకి హద్దు 50 మైక్రోఫారడ్. అంతకు మించితే నిండే ప్రతిసారీ ఆ వాల్వు పెద్దపెద్ద గుక్కల్లో కరెంటు మింగాలి, దాని క్యాథోడు పూత ఊడుతుంది. మొదటిది 47కి దించండి. రెండోది రెసిస్టెన్స్ తర్వాత ఉంటుంది, దానికి ఇంత పట్టింపు లేదు, అయినా నేనైతే అక్కడా 47తో సరిపెడతాను.

ఇక ఆ మోత: మెయిన్స్ 50 హెర్ట్‌జ్ అయితే ఫిల్టరు లోపం వల్ల వచ్చేది 100. కొంచెం సన్నగా, తుమ్మెద ఝుంకారంలా ఉంటుంది. బొంగురుగా, లోతుగా 50 వినిపిస్తే అది హీటరు వైర్ల నుంచో, చాసిస్ జాయింటు నుంచో వస్తోంది. సౌండు పూర్తిగా తగ్గించినా ఉంటుందా?

---

కొత్తటంకం · గురువారం, రాత్రి 11:20

పూర్తిగా తగ్గిస్తే పోతోంది.

---

లఘుతరంగం · గురువారం, రాత్రి 11:34

అయితే వాల్యూమ్ కంట్రోలుకి ముందు భాగం. డిటెక్టరు (రేడియో తరంగంలోంచి పాటని వేరుచేసేది) నుంచి దానికి వచ్చే షీల్డు వైరు పైనున్న తీగల అల్లిక చాసిస్‌కి అంటి ఉందో లేదో చూడండి. నూటికి తొంభైసార్లు అదే అని చెప్పనుగానీ, నా మూడు సెట్లలో రెండింట్లో అదే.

---

కొత్తటంకం · శుక్రవారం, రాత్రి 8:15

షీల్డు ఊడే ఉంది, అంటించాను. మోత పోయింది. మొదటి ఫిల్టరు 47కి దించాను.

కానీ... అరగంట దాటాక గొంతు మళ్ళీ కొద్దిగా బొంగురుపోతోంది. గ్రిడ్డు మీద 2.4. కొత్త కండెన్సరే కదండీ. ఏడుపొస్తోంది.

---

గరగర · శుక్రవారం, రాత్రి 8:22

వాల్వు. సోమవారం నుంచీ అదే మొత్తుకుంటున్నా.

---

మీటరుముల్లు · శుక్రవారం, రాత్రి 8:58

ఈసారి గరగర మాట కొట్టిపారేయలేను. అన్నాళ్ళు 70 మిల్లీ ఆంపియర్లు లాగిన వాల్వు. ప్లేటు ఎర్రబడితే లోహంలోంచి గ్యాసు ఊరి వాక్యూం చెడుతుంది. అప్పుడు పాజిటివ్ అయాన్లు గ్రిడ్డు మీదికి చేరి కరెంటు వెనక్కి పారుతుంది, గ్రిడ్డు పాజిటివ్ అవుతుంది. గ్రిడ్డు తీగ మీదికి క్యాథోడు పూత ఆవిరై చేరి, అది వేడెక్కి ఎలక్ట్రాన్లు వదిలినా లక్షణం ఇదే. గ్రిడ్డు రెసిస్టెన్స్ ఒక మెగా ఓమ్ మించకూడదని డేటాషీటు అనడానికి కారణం ఈ వెనకపారుడే. వేడెక్కాకే రావడం కూడా దీనికి సరిపోతోంది.

ఇంకో ఈఎల్84 దొరికితే పెట్టి చూడండి.

---

కొత్తటంకం · శనివారం, సాయంత్రం 6:10

తెలిసినవాళ్ళ దగ్గర నడుస్తున్న ఆంప్లిఫయరులోంచి ఒకటి అడిగి తెచ్చాను. పెట్టాను. అరగంటకి 2.4. అక్షరాలా అదే.

---

గరగర · శనివారం, సాయంత్రం 6:31

...సరే. నేనిక మాట్లాడను.

---

గాజుదీపం · శనివారం, సాయంత్రం 7:15

మాట్లాడండి గరగర గారూ, నేనూ వాల్వే అనుకున్నాను.

రెండు వేర్వేరు వాల్వులు ఒకే రోగం, అదీ ఒకే అంకెలో చూపించవు. ఇప్పుడు ఇద్దరినీ పక్కకి తప్పించి చూద్దాం. కప్లింగ్ కండెన్సరు గ్రిడ్డు కాలు ఊడదీసి గాలిలో ఉంచండి. మీటరు గ్రిడ్డు పిన్నుకి క్లిప్పు పెట్టి, సెట్టుని అరగంట వేడెక్కించండి. 2.4 వచ్చాక ఆపి, ఖాళీ చేసి, గుడ్డతో ఈఎల్84 పీకి, వెంటనే మళ్ళీ ఆన్ చేయండి. మీ సెట్టులో హీటర్లు పక్కపక్కన కట్టినవి కాబట్టి మిగతావి వెలుగుతాయి. బరువు తగ్గి హెచ్‌టీ (ఆ రెండొందల యాభై వోల్టుల డీసీ) పైకి లేస్తుంది. మీ ఫిల్టర్లు ఎన్ని వోల్టులవి? 450 అయితే ఫరవాలేదు. కొలత అవగానే ఆపేయండి.

---

కొత్తటంకం · శనివారం, రాత్రి 9:25

ఫిల్టర్లు 450వే.

కండెన్సరు లేదు. వాల్వు లేదు. సాకెట్టులో తొమ్మిది రంధ్రాలు తప్ప ఏమీ లేదు. గ్రిడ్డు 2.8! తగ్గకపోగా పెరిగింది. దెయ్యమా ఇది?

---

మీటరుముల్లు · శనివారం, రాత్రి 9:41

హెచ్‌టీ అప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత?

---

కొత్తటంకం · శనివారం, రాత్రి 9:44

వాల్వు ఉన్నప్పుడు 240, పీకాక 280.

---

మీటరుముల్లు · శనివారం, రాత్రి 9:58

240కి 2.4, 280కి 2.8. దెయ్యం కాదు, రెసిస్టెన్స్. హెచ్‌టీ నుంచి గ్రిడ్డుకి నేరుగా ఒక దారి ఉంది, మీటరు బరువు కూడా కలిపితే లెక్కకి సుమారు 63 మెగా ఓమ్‌లు వస్తోంది. అలాంటి పార్టు సర్క్యూట్లో ఉండదు. ఎవరూ పెట్టనిది అక్కడేదో ఉంది.

---

గాజుదీపం · శనివారం, రాత్రి 10:07

సాకెట్టుని కింది నుంచి భూతద్దంతో చూసి, ఏం కనిపిస్తే అది రాయండి. ముఖ్యంగా ఒకటో పిన్ను. గ్రిడ్డు రెండోది, పక్కనే.

---

కొత్తటంకం · శనివారం, రాత్రి 10:50

గోధుమరంగు బేకలైటు సాకెట్టు. ఒకటో పిన్నుకి మూడు కాళ్ళు కలిపి టంకం పెట్టారు: హెచ్‌టీ నుంచి వచ్చే వైరు, స్క్రీనుకి (ఆ వాల్వులోని రెండో గ్రిడ్డుకి) పోయే రెసిస్టెన్సు, ఈబీసీ81 వైపు పోయే ఇంకో రెసిస్టెన్సు. టంకం మాసిపోయి ఉంది, పాత పనే.

ఒకటికీ రెండుకీ మధ్య పసుపురంగు జిగురు. బియ్యపుగింజంత. పుల్లతో గీకితే మెత్తగా సాగింది, దుమ్ము అంటి ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ పసుపు నాకు తెలుసు. కండెన్సరు మార్చేటప్పుడు టంకం పట్టట్లేదని డబ్బాలో ఫ్లక్సు పేస్టు (టంకం అంటుకునేలా చేసేది) పుల్లతో తీసి రాశాను.

---

గాజుదీపం · శనివారం, రాత్రి 11:12

సిగ్గెందుకు. మేమంతా ఆ డబ్బా ముంచినవాళ్ళమే.

రెండు తప్పులు కలిశాయి. ఈఎల్84లో ఒకటో పిన్ను బయట వాడుకోవడానికి ఇచ్చింది కాదు. డేటాషీటులో దాన్ని లోపలి కనెక్షన్‌గా చూపిస్తారు, ఏమీ తగిలించొద్దని అర్థం. ఎప్పుడో ఎవరో ఖాళీగా ఉంది కదా అని దాన్ని హెచ్‌టీ కూడలి చేసేశారు. గ్రిడ్డు పక్కింట్లోనే 240 వోల్టులు కాపురం పెట్టాయి. మధ్యలో బేకలైటు గోడ పొడిగా ఉన్నంతకాలం నడిచింది. దాని మీద మీరు ఆమ్లం ఉన్న పేస్టు రాశారు. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది, వేడికి కరిగి పాకి దారి ఇస్తుంది. అందుకే అరగంట.

జిగురు మొత్తం పుల్లతో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పాత పళ్ళ బ్రష్షుతో మూడు నాలుగుసార్లు కడగండి. ప్రతిసారీ గుడ్డతో అద్ది తీయండి, లేకపోతే మురికి ఇక్కణ్ణించి అక్కడికి జరుగుతుందంతే. పూర్తిగా ఆరకుండా ఆన్ చేయొద్దు, అది అంటుకునే ద్రవం. బేకలైటు నల్లగా మాడి గీత పడి ఉంటే మాత్రం కడిగినా లాభం లేదు, సాకెట్టు మార్చాలి. తర్వాత ఆ మూడు కాళ్ళనీ ఒకటో పిన్ను నుంచి తప్పించి, పక్కన ట్యాగ్ స్ట్రిప్పు (వైర్లు టంకం పెట్టుకునే చిన్న పట్టీ) బిగించి దాని మీదికి మార్చండి. పేస్టు డబ్బాని పైపుల పనికి పంపించేయండి. మీకు మధ్యలో రోసిన్ ఉన్న టంకం తీగ చాలు.

---

లఘుతరంగం · ఆదివారం, ఉదయం 9:20

పనిలో పనిగా ఒక మాట: అన్నీ అయ్యాక స్టేషన్లు డయల్ మీద కాస్త పక్కకి వస్తున్నాయని ఐఎఫ్ (స్టేషన్లన్నిటినీ సెట్టు లోపల మార్చుకునే ఒకే మధ్య ఫ్రీక్వెన్సీ) డబ్బాల స్క్రూలు తిప్పకండి. చాలామంది మంచి సెట్టు అక్కడే చంపుకుంటారు. ఆసిలేటరు (స్టేషను కన్నా ఐఎఫ్ అంత పైన సెట్టు లోపలే సిగ్నలు పుట్టించేది) సరిగ్గా ఉందో లేదో చూడాలంటే పక్కన ఇంకో రేడియో పెట్టండి. మీ సెట్టు ఐఎఫ్ 455 కిలోహెర్ట్‌జ్ అయితే, ముల్లు 700 మీద ఉన్నప్పుడు రెండో రేడియోలో 1155 దగ్గర స్టేషను ఏదైనా ఉంటే ఈల వినిపిస్తుంది, లేకపోతే గాలి చప్పుడు ఒక్కసారి అణిగిపోతుంది. ఈసీహెచ్81 ముసలిదైతే బ్యాండు కింది చివర ఆ గుర్తు మాయమవుతుంది.

---

కొత్తటంకం · ఆదివారం, రాత్రి 9:35

ఐదుసార్లు కడిగాను. మూడోసారి దాకా గుడ్డకి పసుపు వస్తూనే ఉంది. మాడిన గీత లేదు. ట్యాగ్ స్ట్రిప్పు బిగించి మూడు కాళ్ళూ మార్చాను. పాత ఈఎల్84నే మళ్ళీ పెట్టాను, అరువు వాల్వు తిరిగిచ్చేశాను.

మధ్యాహ్నం మూడింటికి ఆన్ చేశాను. ఇప్పుడు గ్రిడ్డు 0.02, క్యాథోడు 6.7, హెచ్‌టీ 241. ఆరున్నర గంటలు. ఈల పరీక్ష కూడా చేశాను, 1155కి కొంచెం పక్కన వచ్చింది, వదిలేశాను.

---

గరగర · ఆదివారం, రాత్రి 9:42

శుభం. నా కొత్త ఈఎల్84 ఖర్చు మిగిల్చారు, ఎవరూ థాంక్స్ చెప్పక్కర్లేదు.

---

కొత్తటంకం · ఆదివారం, రాత్రి 9:50

మీక్కూడా థాంక్సే అన్నా. అన్నట్టు ఇప్పుడే చాసిస్‌ని పెట్టెలోకి దూరుస్తుంటే డయల్ ముల్లు దారం తెగింది. అది ఎన్ని చుట్లు, ఏ కప్పీ మీంచి ఎటు పోతుందో తెలిసినవాళ్ళుంటే చెప్పండి, రేపు వేరే చర్చ తెరుస్తాను.